సర్కారుకివ్వని అరగంట

సోమవారం మధ్యాహ్నం రెండూ నలభై. వెన్‌బ్రూక్ తోట ఆఫీసు వెనకగదిలో గంగయ్య చెక్కబల్ల మీద కూర్చుని, చేతులు రెండూ మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, నేల మీద పోతున్న చీమల బారును చూస్తున్నాడు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. తలుపు దగ్గర కాపలావాడు. ఎదురుగా, పంకా గాలి ఎక్కడ తగులుతుందో చూసుకుని మరీ కుర్చీ లాక్కుని కూర్చున్నవాడు డిటెక్టివ్ సీతారామయ్య.

ఈ సీతారామయ్యకు అరవై ఆరేళ్ళు. మలయ్ దేశంలో, ఇపో పట్నంలో పోలీసు సార్జంటుగా రిటైరయ్యాడు. ఇంట్లో కూర్చుంటే భార్య చిక్కుడుకాయలు వలిపిస్తోందని ప్రైవేటు డిటెక్టివు బోర్డు కట్టాడు. పుట్టింది మాత్రం బాగన్ దాతుక్ పోయే దారిలోని ఈ కొబ్బరి తోటలోనే. తోట కిరాణి కొడుకు. కిరాణి అంటే ఇక్కడ గుమాస్తా. పచారీ కొట్టు అనుకునేరు! ఎనిమిదేళ్ళప్పుడు నాగుపాము కరిస్తే, పదహారేళ్ళ గంగయ్య అతణ్ణి తన వీపుకు పంచెతో కట్టుకుని తెలుక్ ఇంతాన్ ఆస్పత్రి దాకా సైకిలు తొక్కాడు. ఆ దూరం మొదట్లో ఇరవై మైళ్ళు. సీతారామయ్య చెప్పగా చెప్పగా ఇప్పటికి అరవై అయింది. మధ్యలో ఒక నది పొంగింది, ఒక పులి కూడా అడ్డం వచ్చింది. పులి సంగతి ఎలా ఉన్నా, బతికించిన మాట మాత్రం నిజం. ఆ రుణం ఎలా తీర్చుకోవాలా అని యాభై ఎనిమిదేళ్ళుగా చూస్తున్నవాడికి నిన్న రాత్రి ఫోను వచ్చింది: గంగయ్య కోటమ్మను దొంగిలించాడట.

కోటమ్మ కథ కాస్త చెప్పుకోవాలి. వందేళ్ళ కిందట ఈ తోటను కొన్న దొరది ఇంగ్లండులో ష్రాప్‌షైర్ అనే పల్లెటూళ్ళ సీమ. కూలిన మఠాలకూ, కప్పులేని కోటలకూ పెట్టింది పేరు. ఆ దొరకు ఇంటి మీద బెంగ పుట్టి, కొబ్బరి చెట్ల మధ్య రాతి కోట ఒకటి కట్టించాడు. కట్టడం అయ్యాక కూలీలను పిలిచి, "ఇప్పుడు పైన కూలగొట్టండి" అన్నాడు. మా దేశంలో ఇలాగే ఉంటుంది, కూలితేనే అందం అన్నాడట. మన శ్రీకాకుళం కూలీలు గునపాలు పట్టుకుని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కట్టినందుకు ఒక కూలీ, పడగొట్టినందుకు ఒక కూలీ దక్కింది కాబట్టి ఎవరూ మాట్లాడలేదు. చివర్లో దొర తన ఊరి మఠం నుంచి ఓడలో తెచ్చిన రాతి ముఖాన్ని, కొబ్బరికాయంత దాన్ని, తోరణం కింద గూట్లో పెట్టాడు. అక్కడ ఏ సన్యాసి ముఖమో తెలియదు. మనవాళ్ళు పసుపు రాశారు, బొట్టు పెట్టారు, కోటమ్మ అన్నారు. పెద్ద వరదలో ఆమె కొట్టుకుపోకుండా నీళ్ళ మీద తేలిందని గంగయ్య తండ్రి చెప్పేవాడు. రాయి ఎలా తేలిందని అడిగినవాళ్ళకు ప్రసాదం ఉండేది కాదు. ఆయన తరవాత పూజ గంగయ్యది.

ఇప్పుడు ఇది చూడ్డానికి టిక్కెట్టు. రేపు మంగళవారం ష్రాప్‌షైర్ నుంచే ఒక బృందం రాబోతోంది. ఆ ముఖం కోసమే వస్తున్నారు. ఇక్కడ చూస్తే ముఖమే లేదు.

"గంగన్నా, శనివారం ఏ ఏళకి లోపలికెళ్ళినావు?"

"నాకు గడియారమెక్కడిది తమ్ముడూ? పొద్దు కొబ్బరి మొవ్వుల కిందికి దిగినాక ఎళ్ళినాను. ఊడిసినాను. వాడిన పువ్వులు గోతంలోకెత్తినాను. వచ్చినాను."

"అప్పుడు అమ్మ గూట్లో ఉన్నదా, లేదా?"

"సూడనేదు."

"ఎదురుగా నిలబడి ఊడిసి, సూడలేదా?"

"సీపురట్టిన సేత్తో అమ్మ మొకం సూడకూడదు కదేటి!" గంగయ్య మొదటిసారి తలెత్తాడు. "మా అయ్య సెప్పినాడు. తలొంచుకుని ఊడవాల. తానం సేసొచ్చినాకే తలెత్తాల. అరవై ఏళ్ళ కాణ్ణుంచి నానట్టాగే సేస్తన్నాను. ఇయ్యాల ఆ సుగుమారనుకి సెప్తే పళ్ళికిలించినాడు."

పేరు చెప్పగానే మనిషి వచ్చేశాడు. సుగుమారన్ బీమా కంపెనీ పంపిన పరిశోధకుడు. నలభై ఏళ్ళవాడు. నెత్తి మీద చలవ కళ్ళజోడు, రెండు చేతుల్లో రెండు ఫోన్లు. తాత పేరు సింహాచలం; కాబట్టి తెలుగువాడే. వింటే సగం అర్థమవుతుంది, మాట్లాడబోతే తమిళంలోకి జారిపోతుంది, చివర మలయ్ వాళ్ళ 'లా' ఒకటి తగులుతుంది.

"ఎన్న సార్, ఇంకా అవలేదా? అయిదుకి నా రిపోర్టు స్టేషన్‌కి పోవాలి లా. ఇన్‌స్పెక్టర్ పునిత జీపు రెడీ చేసి ఉంచినారు."

"నీ రిపోర్టులో ఏటుంది బాబూ?"

"అంతా టైమే సార్. కథలు లేవు." సుగుమారన్ ఫోను చూసి గడగడా చదివాడు. "శనివారం టూరిస్టులు మూడుకి వచ్చినారు. నాలుగూ పదికి గ్రూపు ఫోటో. ముఖం గూట్లో ఉంది. నాలుగూ పదిహేనుకి వ్యాను ముందు దారిలో పోయింది. తరువాత ముందు దారిలో ఎవరూ రాలేదు, టిక్కెట్టు అమ్మాయి సాక్షి. వెనక కాలిబాటలో పాపమ్మ అనే ముసలి పాటీ గుమ్మంలో కూర్చుని ఉంది. ఆమె చూసింది ఇద్దరినే. నాలుగూ అయిదుకి టూరు నడిపించే విశ్వనాథ్ గారు, కడుపు నొప్పని ముందే బయటికి వచ్చేసినారు. నాలుగూ ఇరవైకి ఈ గంగయ్య ఖాళీ గోతంతో లోపలికి. నాలుగూ నలభైకి నిండు గోతంతో బయటికి. అయిదున్నరకి గూడు ఖాళీ. పోదుమా సార్?"

"తెరిమా కాసి బాబూ," అన్నాడు సీతారామయ్య చేతులు జోడించి.

ఇది ఆయన అలవాటు. ఎవరు ఏ చిన్న ముక్క అందించినా మలయ్‌లో ధన్యవాదం చెప్పేస్తాడు. ఒకసారి జేబుదొంగకు కూడా చెప్పాడు. వాడు సిగ్గుపడి పర్సు తిరిగిచ్చాడని ఆయన చెబుతాడు. నమ్మడం మన ఇష్టం.

"ఎందుకు థాంక్సు? మీవాణ్ణి నేను లోపలికి పంపుతుంటే!"

"అయిదు దాకా టైమిచ్చినావు కదా, అందుకు."

గంగయ్య లేచి, సీతారామయ్య మోచేయి పట్టుకుని వదిలేశాడు. ఆ పట్టు పాతదే. సైకిలు మీద నిద్రపోకురా అని గిల్లిన చేయి.

*

మూడూ ఇరవై. కోట ముందు టిక్కెట్టు గదిలో యోగేశ్వరి లేచి నిలబడింది. తోటలోనే పుట్టిన పిల్ల.

"అంకుల్, నేను ఒక్కసారి కూడా లేవలేదు. వ్యాను పోయినాక చీమ కూడా రాలేదు. అయిదున్నరకి తాళం వేద్దామని వెళ్ళినాను, గూడు చూసి అక్కడే కూలబడినాను."

"కూలబడ్డానికి కోట కన్నా మంచి చోటు ఏటుంది తల్లీ," అన్నాడు సీతారామయ్య. ఆ పిల్ల రెండు రోజులుగా ఏడుస్తున్నదల్లా ముక్కు తుడుచుకుని నవ్వింది.

గోడ నిండా ఫోటోలు. ఆకాశం కనిపించే మఠాలు, సగం విరిగిన బురుజులు, గడ్డిలో గొర్రెలు, గొర్రెల వెనక రాళ్ళు. అన్నీ ష్రాప్‌షైర్ శిథిలాలే. విశ్వనాథ్ గారు పోయిన ఏడాది అక్కడ నెల రోజులు ఊరూరా తిరిగి తీసినవని యోగేశ్వరి చెప్పింది. మనిషికి శ్రద్ధ ఉంది, అనుకున్నాడు సీతారామయ్య. ఒక ఫోటో దగ్గర ఆగాడు. కోటమ్మను తెచ్చిన మఠమట: తోరణం, తోరణం కింద కొబ్బరికాయంత ఖాళీ గూడు. కింద అందమైన చేతిరాతలో ఒక వాక్యం: 'ఇంకెన్నాళ్ళీ ఖాళీ?'

"పదండి సార్, ఆయన ఫోటోలు తరువాత చూడొచ్చు," అని సుగుమారన్ తొందరపెట్టాడు.

గూడు మనిషి ఎత్తు కన్నా పైన ఉంది. కింద మోకాలెత్తులో రాతి అరుగు. దాని ముందు జనం ఎక్కకుండా తాడు కట్టి ఉంది. ముఖాన్ని పట్టి ఉంచిన సున్నాన్ని సన్నటి రంపంతో నీటుగా కోసి తీశారు. పది, పదిహేను నిమిషాల పని. పక్క మేకుకు శనివారం వేసిన బంతిపూల దండ వేలాడుతోంది. సీతారామయ్య దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి చూశాడు.

"బ్లేడుతో కోసినాడు. మళ్ళీ ముడేసి మేకుకి తగిలించినాడు."

"సో? దండని కింద పారేయలేదు అంటే భక్తి ఉన్నవాడు. పూజారి! నా కేసు ఇంకా గట్టిదయింది లా."

"పూజారికి దండ తల మీంచి తియ్యడం రాదా? బ్లేడెందుకు? దండ మీద మర్యాదున్నది గానీ పూజ చేసే చెయ్యి కాదిది." సీతారామయ్య మోకాలికి ఒక నమస్కారం పెట్టి, మెల్లగా వంగి అరుగు మీదకు టార్చి వేశాడు. అరుగు నిండా పసుపు మెత్తి ఉంది. దాని మధ్య బూటు అడుగు ఒకటి. అడ్డంగా మెలికలు మెలికలుగా గీతలు, మధ్యలో చిన్న నక్షత్రం.

"సెల్ఫీ తీసుకునేవాళ్ళు ఎవరైనా ఎక్కి ఉంటారు."

"నీ గ్రూపు ఫోటో పెద్దది చేసి చూపించు."

సుగుమారన్ విసుగ్గా ఫోను మీద రెండు వేళ్ళు చాపాడు. పదకొండు మంది పళ్ళు, వాళ్ళ వెనక కోటమ్మ, ఆమె కింద అరుగు. పసుపు మీద ఒక్క మచ్చ లేదు.

"నాలుగూ పదికి అరుగు మీద అడుగు లేదు," అన్నాడు సీతారామయ్య. "దొంగ ఆ తరవాతే ఎక్కినాడు. బూట్లతో ఎక్కినాడు. గంగన్న ఈ తాడు లోపల జన్మలో చెప్పు వెయ్యలేదు."

"అప్పు తెచ్చుకుని ఉంటాడు! దొంగతనానికి వచ్చినవాడు ఆచారం చూస్తాడా?"

"ఆచారం చూడనివాడైతే దండ మేకుకి ఎందుకు తగిలించినాడు?"

సుగుమారన్ గొంతు పెంచాడు. "పెన్షన్ సార్, ఒక్కటి అడుగుతాను. గంగయ్య కాకపోతే ఎవరు? ముందు దారి మూసి ఉంది. వెనక దారిలో పాటీ చూసింది ఇద్దరినే. విశ్వనాథ్ గారు బయటికి వచ్చింది నాలుగూ అయిదుకి. ఫోటో నాలుగూ పదికి. అయిదు నిమిషాల ముందు వెళ్ళిపోయినవాడు దొంగ కాలేడు. మిగిలింది ఒక్కడే. మీకు ఆయన మీద ప్రేమ ఉంది, అందుకే కళ్ళు కనిపించడం లేదు."

"ప్రేమ కాదు బాబూ. పాము కరిసిన కాలుంది." సీతారామయ్య లేచి దుమ్ము దులుపుకున్నాడు. "కానీ నువ్వన్నది నిజం. మొత్తం ఆ అయిదు నిమిషాల మీదే నిలబడి ఉంది. తెరిమా కాసి. పద, ఆ అయిదు నిమిషాలు ఎవరి ఇంట్లో ఉన్నాయో చూసొద్దాం."

*

వెనక కాలిబాట చివర, పాత కూలీ లైను ఇళ్ళలో ఇంకా జనమున్న ఆఖరి ఇల్లు పాపమ్మది. ఎనభై నాలుగేళ్ళు. పళ్ళు లేవు, మాటకు మాత్రం కొరుకుడు తగ్గలేదు. ఆమె భర్త బతికున్న రోజుల్లో తోటలో పెరట్టు గంట, అంటే కూలీల హాజరు గంట, కొట్టేవాడు. తెల్లవారకుండా ఆ గంట మోగితే కాకులు కూడా వరసలో నిలబడేవని సీతారామయ్య చెబుతుంటాడు.

"ఒరే సీతారావుడా! ఏటిరా ఇలా పండిపోయినావు?"

"నువ్వేటి పిన్నీ, ఇంకా పచ్చిగానే ఉన్నావు!"

ఆమె కిలకిలా నవ్వి తేనీళ్ళకు పొయ్యి వెలిగించింది. సుగుమారన్ గోడ గడియారం వైపు చూపించాడు. పెద్ద లోలకం గడియారం. నాలుగూ ఇరవై రెండు. సీతారామయ్య చేతి గడియారం చూసుకున్నాడు. నాలుగూ ఇరవై రెండు. గడియారం తప్పై ఉంటుందన్న ఒక్క ఆశతో ఇంత దూరం నడిచాడు. అది చూస్తే రేడియోలా సరిగ్గా ఉంది.

"సెకండు కూడా తేడా లేదు లా," అని సుగుమారన్ జాలిగా అన్నాడు. "నేను నిన్న పొద్దున్నే వచ్చి స్టేట్‌మెంట్ తీసుకున్నాను. ఈ గడియారం చూసే పాటీ టైము చెప్పింది. ఆమె తెలుగు నాకు పట్టుబడదు, పాపం విశ్వనాథ్ గారే పక్కనుండి తర్జుమా చేసినారు."

"అప్పుడు గడియారం సరిగ్గా ఉందా?"

"ఎవరు చూస్తారు సార్? గడియారం అంటే గడియారమే కదా."

పాపమ్మ మూడు గ్లాసులు పట్టుకొచ్చింది. నాలుగూ ముప్పై అయిదు. కొబ్బరి చెట్ల అవతల మసీదు మైకులో సాయంకాలపు నమాజు పిలుపు మొదలైంది.

"పాపం," అంది పాపమ్మ, అటు చెవి పెట్టి. "ఆ మసీదు అయ్యకి ఒంట్లో బాగున్నట్టు నేదు."

"ఎందుకు పిన్నీ?"

"నిన్నటి కాణ్ణుంచి అరగంట ఆలీసెంగా పిలస్తన్నాడు. ఆయనే కాదురా. బాతులూ అంతే. ఇస్కూలు బస్సూ అంతే. లోకమంతా అరగంట బద్దకించిపోనాది."

సీతారామయ్య గ్లాసు నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది.

"పిన్నీ," అన్నాడు మెల్లగా, పిట్టను బెదరగొట్టకూడదన్నట్టు. "ఈ గడియారం మొన్నటి దాకా ఎంత చూపించేది?"

"సరైన టైమే సూపించీది!" ఆమె చేయి నడుముకు వెళ్ళింది. "ఎనబై రెండులో సర్కారోళ్ళు వొచ్చి, సముద్రం అవతల సబా సరవాకోళ్ళతో ఒకే టైము కావాల, అందరూ ముల్లు అరగంట ముందుకి తిప్పండన్నారు. మీ సిన్నాన్న ఊరుకున్నాడా? జపానోడొచ్చి గంటన్నర లాక్కున్నాడు, ఎళ్ళిపోయినప్పుడు తిరిగిచ్చీసినాడు; వీళ్ళు ఇస్తామని ఎవులికైనా సెప్పినారా? నా అరగంట నానివ్వను అన్నాడు. ఆయన పోయినా నానివ్వనేదు. నాకేటి, ఆఫీసుకెళ్ళాలా? గుమ్మంలో కూకోడానికి ఏ టైమైతేనేటి?"

సుగుమారన్ నోరు తెరిచాడు. సగం అర్థమైనట్టుంది; మిగతా సగం సీతారామయ్య మొహం చూసి అర్థం చేసుకున్నాడు.

"నలభై ఏళ్ళు పైగా దాచిన అరగంటని, నిన్న ఎవరు పట్టుకెళ్ళినారు పిన్నీ?"

"పట్టుకెళ్ళడమేటి, బాగుసేసినాడు! బంగారు తండ్రి." పాపమ్మ రెండు చేతులూ పైకెత్తి దణ్ణం పెట్టింది. "ఆ టోపీ బాబు, ఇశ్వనాదం. ఈ తమిళపోడితో పొద్దున్న వొచ్చినాడా, మళ్ళీ మజ్జానం వానలో తడుస్తా ఒక్కడే వొచ్చినాడు. అమ్మమ్మా, నీ గడియారం తప్పు నడుస్తంది, నలుగురూ నవ్వుతారు అన్నాడు. పీటెక్కి తిప్పినాడు. అద్దం తుడిసినాడు. టీ కూడా తాగనేదు. ఇంత పెద్దోడు నా గడియారం కోసం అంత దూరం కారేసుకొచ్చినాడు సూడు! నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చినాయి."

సీతారామయ్య గ్లాసు కింద పెట్టాడు.

"నీ ఫోనులో పిన్ని మాట రికార్డు చేసినావా?" అని సీతారామయ్య అడిగాడు.

సుగుమారన్ వెతికి మోగించాడు. ఫోనులోంచి పాపమ్మ గొంతు వచ్చింది: "మసీదు పిలుపవుతుంటే టోపీ బాబు సంచీ పొట్టకి అదుముకుని ఒచ్చినాడు. గడేరం నాలుగూ అయిదు." వెంటనే విశ్వనాథ్ మెత్తని గొంతు, తమిళంలో: నాలుగూ అయిదుకి చూసిందట. అంతే. మసీదు మాట లేదు, సంచీ మాట లేదు.

"శనివారం పిలుపు ఎన్నింటికి?"

"నాలుగూ ముప్పై అయిదు," అన్నాడు సుగుమారన్, మసీదు వేళల పట్టిక ఫోనులో తీసి చూసి. తమిళంలో దేవుణ్ణి తలుచుకున్నాడు. "కడవులే... ఫోటో నాలుగూ పది. వ్యాను నాలుగూ పదిహేను. ఆయన బయటికి వచ్చింది నాలుగూ ముప్పై అయిదు. అందరూ పోయేదాకా లోపల దాక్కున్నాడు."

"గంగన్న లోపలికెళ్ళింది నాలుగూ యాభైకి. అప్పటికే గూడు ఖాళీ. తలొంచుకుని ఖాళీ గూడు ముందు ఊడిసి వచ్చినాడు, పిచ్చి మారాజు." సీతారామయ్యకు కళ్ళు చెమర్చాయి. తుడుచుకోకుండానే గోడ వారగా ఉన్న పీట దగ్గర కూర్చున్నాడు. "పిన్నీ, బాబు పీట మీద బూట్లతోనే ఎక్కినాడా?"

"ఎక్కినాడు. పోన్లే అనుకున్నాను. తడి బూట్లు."

టార్చి వెలుతురులో పీట మీద పలచటి పసుపు మరక. మెలికలు మెలికలుగా గీతలు. మధ్యలో చిన్న నక్షత్రం.

సుగుమారన్ మోకాళ్ళ మీద కూలబడి దాన్ని నాలుగు ఫోటోలు తీశాడు. లేచి, చలవ కళ్ళజోడు నెత్తి మీంచి తీసేశాడు. "సార్, మన్నించండి. మా తాత ఉంటే నన్ను కొట్టేవాడు. ఇంట్లో ఈ భాషే మాట్లాడేవాడు, నేనే నేర్చుకోలేదు."

"నువ్వు రికార్డు చెయ్యకపోతే ఈ కేసు లేదు బాబూ. తెరిమా కాసి." ఈసారి సీతారామయ్య గొంతులో ఆట లేదు. "ఆ రిపోర్టు చింపి, పునితమ్మకి ఫోను చెయ్యి. గంగన్నని వదిలెయ్యమని ముందు చెప్పు. మిగతాది తరవాత."

"ఇక్కడ సిగ్నల్ లేదు. నీళ్ళ ట్యాంకు కిందికి వెళ్ళాలి. పది నిమిషాలు." సుగుమారన్ పెరటి తలుపులోంచి పరుగు తీశాడు.

పాపమ్మ ఇద్దరి మధ్యా జరిగిందేమిటో పట్టుకోలేక చూస్తోంది. "ఏటిరా? ఆ బాబుకేటైనా అయినాదా? ఇప్పుడొస్తాడు కదా."

"ఎవరు?"

"ఆ బాబే. ఇయ్యాల అయిదుకి నన్ను కారులో కళ్ళాసుపత్రికి తీసుకెళ్తానన్నాడు. అమ్మమ్మా, ఈ సంగతి ఎవులికీ సెప్పకు, దిష్టి తగులుద్ది అన్నాడు. నన్ను కారెక్కించినోళ్ళు ఇంతవరకూ నేరు కదరా, ఉదయం కాణ్ణుంచి కొత్త సీర కట్టుకుని కూకున్నాను."

అప్పుడు చూశాడు సీతారామయ్య. నిజమే. చిలకాకుపచ్చ చీర, మడతలు ఇంకా విప్పుకోలేదు. సాక్షి ఒక్కతే. ఆమెకు కారు, ఆసుపత్రి, ఎవరికీ చెప్పకపోవడం. కొబ్బరి ఎండబెట్టే బట్టీ వైపు కారు ఆగిన చప్పుడు వినిపించింది. చక్రాల కింద కంకర. తలుపు వేసిన శబ్దం.

గడియారం నాలుగూ యాభై ఆరు.

అరవై ఆరేళ్ళ మోకాలికి ఇంకోసారి నమస్కారం పెట్టే తీరిక లేదు. పీట ఎక్కాడు, చెప్పులు విప్పే ఎక్కాడు. అద్దం తెరిచి పెద్ద ముల్లును వెనక్కి తిప్పాడు. నాలుగూ ఇరవై ఆరు. దిగి, పాపమ్మ పక్కన చాప మీద కూర్చుని, చల్లారిన గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు.

"నీ అరగంట నీకిచ్చీసినాను పిన్నీ. ఉంచుకో."

గుమ్మంలో నీడ పడింది. తెల్లటి చొక్కా, గడ్డి టోపీ, భుజానికి నల్ల సంచీ. విశ్వనాథ్ లోపలికి అడుగు పెట్టాడు. గదిలో కొత్త మనిషి ఉన్నాడు, అతన్ని చూడలేదు. కొత్త చీర కట్టుకుని ఎదురుచూస్తున్న ముసలమ్మ ఉంది; ఆమెను చూడలేదు. సరాసరి తలెత్తి గోడ మీది గడియారం చూశాడు. ముల్లు ఎక్కడుందో చూసి, పెదవుల మీది నవ్వు అలాగే ఉండగా, మొహంలో రంగు మాత్రం దిగిపోయింది.

"అమ్మమ్మా," అన్నాడు ఎంతో ప్రేమగా, "మళ్ళీ పాడైందా?"

"పాడవనేదు నాయనా," అంది పాపమ్మ. "బాగయినాది."

"తెరిమా కాసి, విశ్వనాథ్ గారూ," అన్నాడు సీతారామయ్య చేతులు జోడించి. "ముల్లు తిప్పింది తమరేనని నేను అడక్కముందే చెప్పీసినారు."

విశ్వనాథ్ కళ్ళు గడియారం మీంచి తిప్పకుండానే కుడిచేతిని నల్ల సంచీలోకి పోనిచ్చాడు. ఎడమచేతిని వెనక్కి చాపి, తలుపు గడియ వేశాడు.